కరువు రోజుల్లో వాక్యం: శిక్షా, వాగ్దానమా, ఫిర్యాదా?

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు ప్రాంతాల్లో డిసెంబరు 31 రాత్రి ఏ చర్చికి వెళ్లినా అర్ధరాత్రి దాటగానే కొత్త సంవత్సరపు వాగ్దాన వాక్యం చదువుతారు. చాలా సంఘాల్లో ఇంటికొక కార్డు కూడా పంచుతారు. దాని మీద సందర్భమూ ముందు వెనుకలూ లేకుండా ఒకే ఒక్క వచనం ఉంటుంది. దానిని పటం కట్టించి గోడకు తగిలించేవారున్నారు, బీరువా తలుపుకు అంటించేవారున్నారు, ఏడాది పొడవునా ఫోనులో స్టేటస్‌గా ఉంచుకునేవారున్నారు. 2020 జనవరిలో అలా చేతికి అందిన కార్డుల్లో ఆరోగ్యాన్నీ అభివృద్ధినీ దీర్ఘాయువునూ వాగ్దానం చేసినవి తక్కువేమీ ఉండవు. మార్చి చివరి వారానికి చర్చిల తలుపులు మూతపడ్డాయి; మరుసటి ఏడాది వేసవికి ఆ కార్డులున్న ఇళ్లలో ఎన్నో ఇళ్లు మనుషులను పోగొట్టుకున్నాయి. వాక్యం తప్పిందా, లేక వాక్యాన్ని మనం చదివిన పద్ధతిలోనే ఏదైనా లోపం ఉందా అన్న ప్రశ్న అప్పుడు చాలామందిలో మెదిలింది గానీ, దానిని పైకి అడిగినవారు తక్కువ.

ఆపద వచ్చినప్పుడు మన సంఘాల్లో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ఇది పాపానికి దేవుడు పంపిన శిక్ష అనేది మొదటిది. అన్నీ మన మేలుకే జరుగుతాయి, ఎందుకని అడగకూడదు, విశ్వాసం ఉంచాలి అనేది రెండోది. తుఫాను వచ్చినా, బోరు ఎండిపోయినా, పొగాకు వేలంలో ధర పడిపోయినా, రొయ్యల చెరువుకు వైట్‌స్పాట్ రోగం తగిలినా ఈ రెండింటిలో ఒక మాట ఎవరో ఒకరు అనకుండా ఉండరు. రెండింటికీ ఆధారం బైబిలేనని చెబుతారు. ఆ ఆధారం ఎంతవరకు నిలుస్తుంది, ఆ గ్రంథం లోపలే దానికి ఎదురు చెప్పే గొంతులు ఏమున్నాయి, ఈ జిల్లాలు చూసిన ఒక మహా కరువులో ఆ గ్రంథాన్ని ఎలా చదివారు అన్నవి కలిపి చూస్తే తప్ప ఈ చిక్కు విడదు.

శిక్ష అనే వాదానికి మూలం లేకపోలేదు. ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయం ఆజ్ఞలను పాటించే జనానికి కలిగే దీవెనలను, మీరిన జనానికి కలిగే శాపాలను వరుసగా చెబుతుంది. తలపైని ఆకాశం ఇత్తడిలా, కాళ్ల కింది నేల ఇనుములా అవుతుందన్న హెచ్చరిక అక్కడిదే. కనిగిరి, పొదిలి వైపు మే నెలలో నడిచినవారికి ఆ ఉపమానం ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. అయితే ఆ హెచ్చరిక ఎవరిని ఉద్దేశించినదో తెలియాలంటే దానికి ముందున్న 27వ అధ్యాయాన్ని కూడా చదవాలి. అక్కడ శాపగ్రస్తులని పేర్కొన్నవారిలో పొరుగువాడి పొలం సరిహద్దు రాయిని జరిపేవాడు ఉన్నాడు, గుడ్డివాడిని దారి తప్పించేవాడు ఉన్నాడు, పరదేశికీ తండ్రిలేనివాడికీ విధవరాలికీ న్యాయం తప్పించేవాడు ఉన్నాడు. అంటే ఆ నిబంధన ఒక జాతి మొత్తానికి, అందులోనూ బలం ఉన్నవారికి పెట్టిన షరతు. కౌలుకు తీసుకున్న రెండెకరాల్లో మిర్చి ఎండిపోయిన మనిషి ఇంటికి వెళ్లి, నీలో ఏదో రహస్య పాపం ఉండి ఉంటుందని చెప్పడానికి ఆ అధ్యాయాన్ని వాడితే, సరిహద్దు రాయిని జరిపినవాడిని వదిలి పొలం పోగొట్టుకున్నవాడిని పట్టుకున్నట్టే.

ఈ తప్పును బైబిలే ఒక పూర్తి గ్రంథంగా రాసి చూపించింది. యోబు నీతిమంతుడై ఉండీ పిల్లలనూ ఆస్తినీ పోగొట్టుకున్నవాడు. అతని స్నేహితులు మొదట మంచి పనే చేశారు: వచ్చి, అతని దుఃఖాన్ని చూసి, ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. వాళ్లు నోరు తెరిచిన దగ్గరనుంచే కష్టం మొదలైంది. ఎలీఫజు, బిల్దదు, జోఫరు ముగ్గురూ భక్తిపరుల్లాగే మాట్లాడతారు, వాళ్ల మాటల్లో దేవుని మహిమకు లోటుండదు, కానీ ముగ్గురూ చెప్పే సారం ఒకటే: తప్పు చేయనివాడికి ఇంత కష్టం రాదు. చివరి అధ్యాయంలో దేవుడు ఎలీఫజుతో, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలకలేదని కోపగిస్తాడు. దేవుడితో వాదానికి దిగినవాడు సరిగా మాట్లాడాడని, దేవుడిని సమర్థించినవారు తప్పు మాట్లాడారని ఇక్కడ తీర్పు వచ్చింది.

ఈ సందర్భంలో ఒక విషయం చెప్పకుండా ఉండలేను. మన ఇళ్ల గోడల మీద, పెళ్లి పత్రికల మీద, కొత్త దుకాణాల్లో విరివిగా కనిపించే వచనాల్లో ఒకటి యోబు గ్రంథం 8వ అధ్యాయం 7వ వచనం: “నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు.” ఆ మాట అన్నది దేవుడు కాదు, బిల్దదు. దానికి మూడు వచనాల ముందే అతడు, పిల్లలందరినీ ఒక్క రోజున పోగొట్టుకున్న తండ్రి ముఖం మీద, నీ కుమారులు పాపం చేసి ఉంటారు, అందుకే దేవుడు వాళ్లను అప్పగించి ఉంటాడని అంటాడు. ఎవరి మాటలు యుక్తం కావని గ్రంథం చివర తేలిందో, వారి మాటనే వాగ్దానంగా గోడకు తగిలించుకుంటున్నాం. వచనాన్ని దాని ఇరుగుపొరుగు నుంచి వేరు చేస్తే ఎంత దూరం పోవచ్చో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

సువార్తల్లోనూ ఈ ప్రశ్న నేరుగా వస్తుంది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతావారందరికంటే ఎక్కువ అపరాధులని అనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదని తానే జవాబిస్తాడు (లూకా 13). ఆ వెంటనే, మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ నశిస్తారని వింటున్నవారివైపు మాట తిప్పుతాడు. చచ్చినవారి పాపాలను లెక్కపెట్టే పని నుంచి బతికున్నవారిని వారి జీవితాల వైపు మళ్లించడం అది. పుట్టు గుడ్డివాడిని చూపి ఎవరు చేసిన పాపం ఇది, ఇతడిదా, కన్నవారిదా అని శిష్యులు అడిగినప్పుడు కూడా (యోహాను 9) ఆయన ఆ లెక్కలోకి దిగడు.

ఇక రెండో మాట. ఏ హానీ నీ దగ్గరకు రాదన్న ధైర్యానికి కరోనా రోజుల్లో మన ప్రాంతంలో 91వ కీర్తనను ఎందరు కంఠస్థం చేశారో చెప్పలేం. పక్కన వేయిమంది పడినా, కుడిపక్కన పదివేలమంది కూలినా అపాయం నీ దగ్గరకు రాదనే ఆ కీర్తన భయపడిన మనిషికి గొప్ప ఊరట, దానిలో సందేహం లేదు. కానీ కొత్త నిబంధనలో ఆ కీర్తనను వాగ్దానంగా ఎత్తి చూపినది సాతాను. దేవాలయ శిఖరం మీద యేసును నిలబెట్టి, దూకు, నిన్ను దూతలు చేతులతో ఎత్తిపట్టుకుంటారని రాసి ఉందిగా అన్నది ఈ కీర్తన మాటలతోనే (మత్తయి 4). యేసు దూకలేదు. మాస్కు అవసరం లేదు, టీకా అవసరం లేదు, విశ్వాసం చాలు అన్నవారికి ఆ సంఘటన ఎదురుగా ఉంది. ఆ కీర్తన దేవుడి మీద ఆధారపడిన మనిషి చేసే ప్రార్థన, దేవుడిని పరీక్షించడానికి చేతికిచ్చిన పత్రం కాదు.

యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనానిది మరో కథ. మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అన్న ఆ మాట ఒక ఉత్తరంలోనిది. యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టి తీసుకుపోయినవారికి ప్రవక్త ఆ ఉత్తరం రాశాడు. ఆ ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని జనం మెచ్చేలా చెప్పాడు. యిర్మీయా మాత్రం 70 ఏళ్లు అన్నాడు. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో దాదాపు ఎవరూ తిరుగు ప్రయాణం చూడరన్నమాట. అందుకే 11వ వచనానికి ముందు 5 నుంచి 7 వరకు వచనాలు ఉన్నాయి: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి. ఈ ఏడాదే ఉద్యోగం, ఈ ఏడాదే వీసా అని ఆ వచనాన్ని చదివేవారు తెలియకుండానే యిర్మీయాను వదిలి హనన్యా పక్షాన చేరుతున్నారు.

పౌలు రోమీయులకు రాసిన పత్రికలో సమస్తమూ సమకూడి మేలుకే జరుగుతున్నాయన్న మాట (8:28) కూడా ఒంటరిది కాదు. దానికి ముందు సృష్టి అంతా ప్రసవవేదన పడుతూ మూలుగుతున్నదని, మనమూ మూలుగుతున్నామని ఉంది. తర్వాత క్రీస్తు ప్రేమనుంచి మనలను ఏది ఎడబాపగలదని అడిగే జాబితాలో శ్రమ, బాధ, హింస, కరవు, వస్త్రహీనత, ఖడ్గం ఉన్నాయి. ఇవి విశ్వాసులకు రావని పౌలు అనలేదు, వస్తాయన్న లెక్కతోనే రాశాడు. పైగా ఆ చోట అతడు ఉదహరించింది 44వ కీర్తన. మేము నీ నిబంధన మీరలేదు, అయినా మమ్మల్ని ఎందుకు నలగగొట్టావు, మేలుకో ప్రభువా, ఎందుకు నిద్రపోతున్నావని దేవుడిని నిలదీసే కీర్తన అది. మేలు గురించిన వచనానికి కూతవేటు దూరంలోనే ఫిర్యాదు ఉంది.

శిక్ష, వాగ్దానం అనే రెండింటి మధ్య మనం మరిచిపోయిన మూడో గొంతు ఈ ఫిర్యాదే. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఇలాంటివి. ఎన్నాళ్లవరకు యెహోవా అని అడిగేవి కొన్ని. చాలావాటిలో చివరకు స్తుతి వస్తుంది, అన్నింటిలోనూ రాదు. 88వ కీర్తన “చీకటియే నాకు బంధువర్గమాయెను” అని ఆగిపోతుంది, ఆ తర్వాత ఓదార్పు వాక్యం ఒక్కటీ లేదు. సిలువ మీద యేసు ఎత్తుకున్నది 22వ కీర్తన మొదటి మాటను: నా దేవా, నా దేవా, నన్నెందుకు విడనాడావు? మన ఊళ్లలో చావింట ఆడవాళ్లు శోకాలు పెట్టి ఏడ్చేటప్పుడు పోయినవాడి మంచితనం, చేసినవాడి అన్యాయం, దేవుడి నిర్దయ అన్నీ వరుసగా వస్తాయి. విశ్వాసులు అలా ఏడవకూడదని, అది నిరీక్షణ లేనివారి పద్ధతని ఆపే సంఘపెద్దలు నాకు తెలుసు. వాళ్లు విలాపవాక్యములనే పేరుతో ఏకంగా ఒక గ్రంథం తమ చేతిలోని బైబిల్లోనే ఉందన్న సంగతి ఆ ఇంట్లో గుర్తు చేసుకుంటే బాగుండేది.

ఇంతవరకు చెప్పినది పాఠం గురించి. ఆ పాఠాన్ని మనుషులు ఆకలితో ఉన్నప్పుడు ఎలా చదివారన్నది ఈ నేల చరిత్రలో ఉంది. 1876లో నైరుతి రుతుపవనాలూ ఈశాన్య రుతుపవనాలూ రెండూ మొఖం చాటేశాయి. ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి దానిని ధాత కరువు అన్నారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, ఒంగోలు నెల్లూరు జిల్లాలోని తాలూకా. 1878 వరకు సాగిన ఆ కరువులో, వెంట వచ్చిన కలరా వంటి జబ్బుల్లో దక్షిణ భారతమంతటా 50 లక్షలకు పైగా జనం చనిపోయారని సాధారణంగా అంచనా వేస్తారు. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ దర్బారు జరిపాడు; అదే నెలలో, కరువు పనులను తనిఖీ చేయడానికి అతడు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, సహాయక పనుల్లో మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం కొనగలిగే డబ్బు, దానిపై ఒక అణా చాలునని తేల్చాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. మద్రాసు ప్రభుత్వ వైద్యాధికారి కార్నిష్ దానితో మనిషి పని చేసి బతకలేడని గట్టిగా అభ్యంతరం చెప్పాడు. వాన పడకపోవడం ప్రకృతి చేసిన పని కావచ్చు. కూలీని అరకిలోకు కుదించినది మాత్రం మనుషులు.

ఆ సమయంలో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ యువకుడిగా అమెరికాలో సర్వేయరు పని చేసినవాడు. ఇప్పుడు మనం బకింగ్‌హామ్ కాలువ అంటున్నది అప్పటి మద్రాసు గవర్నరు పేరు మీదిది; కరువు పనుల కింద దానిని తవ్వుతున్నప్పుడు మూడున్నర మైళ్ల పనిని క్లౌ కాంట్రాక్టు తీసుకున్నాడు. మిషను బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన వేలాదిమందికి, వారిలో ఎక్కువమంది మాదిగలకు, తవ్వకం పని దొరికింది. పనివేళల మధ్యలోనూ సాయంకాలాల్లోనూ వాళ్లకు మళ్లీ మళ్లీ వినిపించిన వచనం ఒకటుందని ఆయన తర్వాత రాసుకున్నాడు: “ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును.” తలమీద మట్టి తట్ట ఉన్న మనిషికి భారం మోయడమన్న మాట ఉపమానం కాదు. ఆ వచనాన్ని చెప్పినవాళ్లే చేసిన పనికి కూలీ కూడా ఇస్తున్నారన్నది దానిని విన్న పద్ధతిని తప్పకుండా మార్చి ఉంటుంది. ఒట్టి మాటగా అదే వచనాన్ని ఆకలిగొన్నవాడికి చెప్పడాన్ని యాకోబు పత్రిక రెండో అధ్యాయం తప్పుపట్టింది. వెళ్లండి, చలి కాచుకోండి, తృప్తిపడండని చెప్పి ఏమీ ఇవ్వకపోతే ప్రయోజనమేమిటని అది అడుగుతుంది.

ఇక్కడే చాలామంది దాటేసే అంశం ఒకటి ఉంది. కరువు సాయం పంచుతున్న దాదాపు 15 నెలలపాటు క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారో విశ్వాసంతో వస్తున్నారో తేల్చలేని స్థితిలో ఇవ్వకూడదని ఆగాడు. సాయం ముగిసిపోయిందని చెప్పాక కూడా జనం వదలలేదు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం మూడు రోజుల్లో 3,536 మంది బాప్తిస్మం పొందారు. బాప్తిస్మమిచ్చినవారు స్థానిక బోధకులే, ఇద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడి ఇచ్చారు.

కూటి కోసం మతం మారారన్న మాట అప్పటినుంచి ఇప్పటిదాకా ఉంది. దానికి జవాబుగా సంఘ చరిత్రలు ఆ 15 నెలల విరామాన్నే చూపిస్తాయి, అది న్యాయమైన జవాబే. కానీ నా ఉద్దేశంలో ఆ ఆరోపణలోనూ ఆ జవాబులోనూ ఆకలి వేరు, విశ్వాసం వేరు అన్న ఒక ఊహ దాగి ఉంది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో అనుదినాహారం అడగడం పాపక్షమాపణ అడగడానికంటే ముందుంది. ఊరి వెలుపల బతుకుతూ, కరణానికీ రైతుకూ వెట్టి చేస్తూ, కరువులో మొదట చచ్చేవారి వరుసలో ఉన్నవారికి, తమను పేరు పెట్టి లెక్కలోకి తీసుకున్న చోటు రొట్టె కూడా, విశ్వాసం కూడా అయ్యుంటుంది. కరువుకు పదేళ్ల ముందే, మాదిగలను చేర్చుకోకుంటే తాము వస్తామని పై కులాలవారు కొందరు సూచించినప్పుడు, క్లౌ దంపతులు విడివిడిగా బైబిలు తెరిచి ఒకే చోటికి, గొప్ప వంశంవారు అనేకులు పిలువబడలేదన్న మొదటి కొరింథీ పత్రిక మాటల దగ్గరికి వచ్చారని ఆయన చెప్పుకున్నాడు. అలా కళ్లకు కనిపించిన పుట తెరిచి నిర్ణయం తీసుకోవడాన్ని నేను పద్ధతిగా సిఫారసు చేయను. ఆ పత్రికలోని వాదం మొత్తం మాత్రం ఆ నిర్ణయం వైపే ఉంది. మరొక మాట కూడా చెప్పుకోవాలి: ఈ కథ మనకు ప్రధానంగా మిషనరీ రాతల్లోంచే వచ్చింది. కాలువ తవ్వినవాళ్లు ఆ వచనాన్ని విని తమలో తాము ఏమనుకున్నారో, ఎవరిమీద ఫిర్యాదు చేశారో రాసిపెట్టినవారు అంతగా లేరు.

కరువును గురించి బైబిలు చెప్పే కథల్లోనూ దేవుడు, వాన అనే ఇద్దరే ఉండరు. గిడ్డంగి ఉంటుంది, తాకట్టు ఉంటుంది. ఆదికాండము 47లో యోసేపు ధాన్యం అమ్మి ఐగుప్తు జనం దగ్గర ముందు రూకలు, తర్వాత పశువులు, ఆ తర్వాత పొలాలు, చివరికి వాళ్లనే ఫరోకు దాసులుగా కొంటాడు. వివరణ ఏమీ ఇవ్వకుండా గ్రంథం దానిని నమోదు చేసింది. అపొస్తలుల కార్యములు 11లో కరువు వస్తుందని అగబు అనే ప్రవక్త చెప్పినప్పుడు అంతియొకయ సంఘం అది ఎవరి పాపానికి శిక్షో చర్చించలేదు. ఎవరి శక్తికొలది వారు యూదయలోని సహోదరులకు సహాయం పంపాలని నిశ్చయించుకుంది.

వీటన్నిటికంటే మన జిల్లాలకు దగ్గరగా తోచేది నెహెమ్యా 5వ అధ్యాయం. మన సంఘాల్లో ఆ గ్రంథం మీద ప్రసంగాలు చర్చి కట్టడానికి చందాలు పోగుచేసే రోజుల్లోనే ఎక్కువగా వినిపిస్తాయి, యెరూషలేము గోడ కట్టిన అధ్యాయాలే చదువుతారు. ఆ గోడ పని నడుస్తుండగానే జనం, వారి భార్యలు మొరపెట్టారు: క్షామంలో ధాన్యం కోసం పొలాలూ ద్రాక్షతోటలూ ఇళ్లూ తాకట్టు పెట్టాం, రాజుకు పన్ను కట్టడానికి అప్పు తెచ్చాం, మా కుమార్తెలు ఇప్పటికే దాసులయ్యారు. అప్పు ఇచ్చినవాళ్లు పరాయివాళ్లు కారు, సొంత సహోదరులు. గోడ కట్టిస్తున్న అధికారి నెహెమ్యా ఆ మొరను అవిశ్వాసమని అనలేదు, ఓర్చుకోమని వాక్యం చెప్పలేదు. చాలా కోపం వచ్చిందని తానే రాసుకున్నాడు. పెద్దలనూ అధికారులనూ సభకు పిలిచి, పొలాలూ తోటలూ ఇళ్లూ, తీసుకుంటున్న నూరవ భాగమూ తిరిగి ఇచ్చేయమన్నాడు. నూరవ భాగమంటే నెలకు నూటికి రూపాయి వడ్డీ అని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. ఇప్పుడు మన ఊళ్లలో రెండు రూపాయలకు దొరికితే అదే మేలనుకుని తెచ్చుకుంటున్నారు. ఇచ్చేస్తామని వాళ్లు సభలో ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలుతో నెహెమ్యా తృప్తిపడలేదు, యాజకులను పిలిపించి అక్కడికక్కడే వాళ్లచేత ప్రమాణం చేయించాడు.